పైసలున్న బిల్లుకి రెండు నంబర్లు

ఆదివారం భోంచేసి ఓ కునుకు తీసి లేచేసరికి నా మాక్రోలన్నీ పోయాయి. మొత్తం 140. ముప్పై ఐదేళ్ల కిందట ఒక్కొక్కటీ బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ రాసినవి. మా తమ్ముడి కొడుకు హాల్లో సోఫా మీద కాళ్లు ముడుచుకు కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, "పెదనాన్నా, నీ హెడర్ ఫైలు శుభ్రం చేశా. అన్నీ ఇన్‌లైన్ ఫంక్షన్లు చేసేశా" అన్నాడు. మా ఆవిడ మా అమ్మ నాటి ఇత్తడి సామానంతా వేసి స్టీలు గిన్నెలు తెచ్చుకున్న రోజున అచ్చం ఇలాంటి ముఖమే పెట్టింది.

శుభ్రం అన్న మాట దగ్గరే నాకు మండింది. మురికైతే కదా శుభ్రం చేయడానికి!

1990లో మేం ముగ్గురం కలిసి ఒక చిన్న లిస్ప్ భాష రాశాం. ఆఫీసు పేరెందుకులెండి, హైదరాబాదులోనే. అక్కడ రిపోర్టుల ఆకారం నెలనెలా మారేది. ఒక ఆఫీసరుకి మొత్తం కింద రెండు గీతలు కావాలి. ఆయన బదిలీ అయి ఇంకొకాయన వస్తాడు, ఆ గీతలు తీసేయమంటాడు. ప్రతిదానికీ సి ప్రోగ్రాం దిద్దడం, కంపైల్‌కి పెట్టడం, ఎనిమిది టెర్మినళ్లు వేలాడే ఆ మోటరోలా 68020 యంత్రం ఎప్పుడు కరుణిస్తుందా అని కింద క్యాంటీన్లో కూర్చోవడం. ఆ బాధ పడలేక, రిపోర్టు ఎలా ఉండాలో చెప్పుకునే చిన్న భాష ఒకటి మనమే చేసుకుందాం అనుకున్నాం. అప్పటికి విదేశం వెళ్లొచ్చిన ఒకాయన పుణ్యమా అని గ్నూ ఈమాక్స్ సోర్సు కార్ట్రిడ్జ్ టేపు మీద మా చేతికొచ్చింది. దాన్ని రాసిన స్టాల్‌మన్ మొదట్లో ఆ టేపుని 150 డాలర్లకి అమ్మేవాడు. మాకు కాపీ ఊరికే వచ్చింది. దొంగతనం కాదండోయ్, కాపీ చేసుకోండి అని ఆయనే రాసిపెట్టాడు.

ఈమాక్స్ అంటే ఎడిటర్ కదా, లిస్ప్ సంగతేమిటి అంటారా? పైకి ఎడిటర్. లోపల సి లో రాసిన లిస్ప్ యంత్రం. మిగతా ఎడిటరంతా చాలావరకు ఆ లిస్ప్‌లోనే రాసుకున్నారు. 1976లో ఎంఐటీలో టెకో అనే పాత ఎడిటర్ మీద కొన్ని మాక్రోలు పోగేసి, వాటికి 'ఎడిటింగ్ మాక్రోస్' అని పేరు పెట్టి, దాన్నే కుదించి ఈమాక్స్ అన్నారు. 1985లో బయటికొచ్చిన గ్నూ ఈమాక్స్‌కి మాక్రో అనేది ఇంటిపేరు లాంటిది. వాడి ముందు ఈ ముక్క కూడా వేశాను. "టెకో మాక్రోలు వేరు, సి మాక్రోలు వేరు కదా పెదనాన్నా" అన్నాడు. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు.

లిస్ప్‌లో అన్నిటికీ మూలం ఒక జంట. రెండు గదుల ఇల్లు అనుకోండి. మొదటి గదిలో ఉన్నది కార్, రెండో గదిలో ఉన్నది కుడర్. 1950ల చివర ఎంఐటీలో ఐబీఎం 704 మీద లిస్ప్ పుట్టినప్పుడు, ఆ యంత్రపు మాటలో అడ్రస్ అని ఒక ముక్క, డిక్రిమెంట్ అని ఒక ముక్క ఉండేవి. ఆ ముక్కల పేర్లలోంచి వచ్చినవే ఇవి. యంత్రం పోయి ఎన్నేళ్లయిందో, పేర్లు మిగిలాయి. చెరువు పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టేశాక కూడా చెరువుకట్ట వీధి అంటూనే ఉంటాం చూడండి, అలాగ.

లిస్ప్ నడుస్తున్నంతసేపూ యంత్రం చేసే పని ముఖ్యంగా ఇదే. చేతిలో ఉన్నది జంటేనా? అయితే మొదటి గదిలోకి చూడు, రెండో గది పట్టుకుని ముందుకు పో. పొద్దస్తమానం ఇదే. మొదటి గదిలోకి చూడటమంటే మెమరీలోంచి ఒక మాట తీయడం, యంత్రానికి ఒక్క ఆదేశం. దానికి ఫంక్షన్‌ని పిలిచామనుకోండి, ఇవ్వాల్సింది స్టాక్ మీద పెట్టాలి, రిజిస్టర్లు దాచాలి, అక్కడికి దూకాలి, ఆ ఒక్క ఆదేశం చేయాలి, దాచినవి తీయాలి, మళ్లీ వెనక్కి దూకాలి. అర్ధరూపాయి కొత్తిమీర కోసం ఆటో మాట్లాడుకున్నట్టు. ఈమాక్స్ తొలినాళ్లలో నడిచిన వ్యాక్స్ యంత్రాల మీదైతే ఫంక్షన్ పిలుపు మరీ బరువు. పిలిచిన ప్రతిసారీ ఏయే రిజిస్టర్లు దాచాలో ఒక పట్టీ చూసుకుని మరీ దాచేది ఆ యంత్రం.

పోనీ కంపైలరే ఫంక్షన్ లోపలి సరుకుని తీసి పిలిచిన చోట సర్దొచ్చు కదా అంటే, సి భాషకి అప్పట్లో ఇన్‌లైన్ అనే మాటే లేదు. 1989 నాటి అన్సి ప్రమాణంలోనూ లేదు. గ్నూ వాళ్ల కంపైలర్ జీసీసీలో ఉండేది గానీ మా యంత్రంతో వచ్చిన కంపైలర్ జీసీసీ కాదు. కాబట్టి మాక్రో.

మాక్రో అంటే తెలియనివారికి చెబుతాను. వ్రతకల్పం పుస్తకంలో సంకల్పం దగ్గర 'ఫలానా గోత్రం, ఫలానా నామధేయం' అని అచ్చేసి ఉంటుంది. అక్కడ మన గోత్రం, మన పేరు చెప్పుకోవాలి. మాక్రో అంతే. కంపైలర్ రంగంలోకి దిగకముందే ప్రీప్రాసెసర్ అనేవాడు వచ్చి, 'ఫలానా' అని ఉన్నచోటల్లా మీరిచ్చిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు అంటించి పోతాడు. వాడికి అర్థం తెలియదు, గోత్రం తెలియదు, గోంగూర తెలియదు. అక్షరాలే తెలుసు. గోత్రం చెప్పాల్సిన చోట మీరు పొరపాటున ఫోన్ నంబరు చెబితే అదే చదివి వినాయకుడికి పూజ చేయించేస్తాడు.

అందుకని అన్నిటికీ బ్రాకెట్లు పెట్టేవాళ్లం. లోపల ప్రతి 'ఫలానా'కీ ఒక జత, మొత్తం మాక్రోకి పైన ఇంకో జత. ఒక జత మరిచిపోతే, ఒకటీ రెండూ కలిపి మూడుతో గుణించమంటే తొమ్మిది రావాల్సింది ఏడు వచ్చి కూర్చునేది. నాలుగు వాక్యాల మాక్రో అయితే దాన్ని 'డూ… వైల్ జీరో' అనే తొడుగులో పెట్టాలి. ఒక్కసారి మాత్రమే తిరిగే చక్రం అది. చూసినవాడు పిచ్చా అనుకుంటాడు, కానీ అది లేకపోతే 'ఇఫ్' కింద పెట్టిన మాక్రోలో మొదటి వాక్యం మాత్రమే ఇఫ్‌కి కట్టుబడి, మిగతావి ఊరిమీద పడతాయి. మాక్రో ఒక వరసలో పట్టకపోతే ప్రతి వరస చివరా బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఆ బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క ఖాళీ అక్షరం ఉన్నా మాక్రో అక్కడితో తెగిపోయేది. తప్పు ఎక్కడుందని కంపైలర్ని అడిగితే దానికి ముప్పై వరసల కింద ఎక్కడో, పాపం పుణ్యం ఎరగని ఒక ఫంక్షన్ మీద వేలు పెట్టేది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. ఆకుపచ్చ అక్షరాల తెర మీద ఖాళీ కనపడుతుందా? వరస చివరికి కర్సర్ని తీసుకెళ్లి, బ్యాక్‌స్లాష్ మీద ఆగిందా, దాటి ఇంకో అడుగు వేసిందా అని చూసేవాళ్లం. అలా ఒక సాయంత్రం మొత్తం 140 మాక్రోలూ వరస వరసకీ తడిమాను నేను. ఇప్పుడు జీసీసీ ఆ ఖాళీని చూసీ చూడనట్టు వదిలేసి, ఇక్కడ ఖాళీ ఉంది సుమా అని ఒక హెచ్చరిక పారేసి సర్దుకుపోతుందట. ఈ కాలపు కంపైలర్లు పిల్లల్ని ముద్దుచేసి చెడగొడుతున్నాయి.

బిల్లుల కథకి వస్తాను.

మా లిస్ప్‌లో 'సంఖ్యేనా' అని ఒక మాక్రో. 'ఫలానా పూర్ణాంకమా, లేదా ఫలానా దశాంశమా' అని దాని అర్థం. ఫలానా రెండుచోట్ల ఉందన్నది గమనించండి. నేను గమనించలేదు. ఒకచోట దానికి ఒక మామూలు చరరాశిని ఇవ్వకుండా, 'ఈ ఫారం విలువ కట్టి వి లో పెట్టు' అనే వాక్యం మొత్తాన్ని తీసుకెళ్లి దాని నోట్లో పెట్టాను. సి లో అలా రాయడం పెద్ద తెలివి కింద లెక్క ఆ రోజుల్లో. ప్రీప్రాసెసర్ ఆ వాక్యాన్ని రెండుచోట్లా అంటించాడు. విలువ పూర్ణాంకమైతే మొదటి ప్రశ్నకే అవునని జవాబొస్తుంది కాబట్టి రెండోది అడగరు, పని ఒక్కసారే జరుగుతుంది. దశాంశమైతే మొదటి ప్రశ్నకి కాదని వచ్చి, రెండో ప్రశ్న కోసం మొత్తం విలువ మళ్లీ కడతారు. కొట్టుకెళ్లి కాఫీపొడి పట్రా అని పంపితే, పొట్లం మీద పేరు చూసి మనకి కావలసింది కాదని, రెండో ప్రశ్న అడగడానికి కుర్రాణ్ని మళ్లీ కొట్టుకి పంపినట్టు.

ఆ ఫారం, అంటే ఆ లిస్ప్ వాక్యం, చేసే పనేమిటంటే, తరవాతి బిల్లు నంబరు తీసుకుని, మొత్తం లెక్కగట్టడం. మొత్తం సరిగ్గా రూపాయల్లో వస్తే పూర్ణాంకం. పైసలుంటే దశాంశం. అంటే పైసలున్న బిల్లు రెండు నంబర్లు మింగేది.

నెలాఖరున అకౌంట్స్ సూపరింటెండెంటు గారు ఫైలు పట్టుకుని మా గదికొచ్చారు. "1047 ఉంది, 1049 ఉంది. 1048 ఏదయ్యా?" అన్నారు. ఆయన అనుమానం ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. బిల్లు మాయమైందంటే డబ్బు మాయమైనట్టే. నాలుగు రోజులు ప్రోగ్రాం చదివాను. పరీక్షకి నేను పెట్టే అంకెలు నూరు, రెండొందలు, అయిదొందలు. ఎన్నిసార్లు నడిపినా నిక్షేపంగా ఉంది. అయిదో రోజు టైపిస్టు ఆవిడ, ప్రోగ్రామంటే ఏమిటో తెలియని మనిషి, బిల్లుల కట్ట తిరగేసి, "పైసలున్న బిల్లు దగ్గరే నంబరు ఎగురుతోందండీ" అంది. నాకు అప్పుడు వెలిగింది. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

ఆ రోజున ఆ మాక్రో పైన పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక రాశాను: దీనికి పని చేసే వాక్యాలు ఇవ్వొద్దు, చరరాశి మాత్రమే ఇవ్వండి. అప్పటినుంచి ఏ మాక్రో పేరు చూసినా దాన్ని మనసులో విప్పుకుని, లోపల ఎన్ని ఫలానాలున్నాయో లెక్కపెట్టుకున్నాకే వాడేవాణ్ని. అదీ మా రోజుల్లో ప్రోగ్రామింగంటే. చూపుకి ఒక వరస, మనసులో పది వరసలు.

"ఇన్‌లైన్ ఫంక్షన్ అయితే ఇచ్చినదాని విలువ ఒక్కసారే కడతారు పెదనాన్నా. లోపల ఎన్నిసార్లు వాడుకున్నా గొడవ లేదు" అన్నాడు వాడు, అదేదో నాకు కొత్త సంగతి చెబుతున్నట్టు. తెలుసురా నాన్నా. ఆ ఒక్క వాక్యం కోసం నేను నాలుగు రోజులు దొంగని చూసినట్టు చూసే చూపులు భరించాను.

ఇంత చెప్పి జిసిప్రో గురించి చెప్పకపోతే అన్యాయం. లిస్ప్‌లో ఎవడూ ఏదీ విడిచిపెట్టడు. వాడనివన్నీ పోగుపడ్డాక చెత్త ఏరేవాడు ఒకడు వచ్చి ఊడ్చేస్తాడు. వాడు దేన్ని చెత్త అనుకోకూడదో మనం ముందుగా చెప్పి ఉంచాలి. ఈమాక్స్‌లో అందుకోసం జిసిప్రో1, జిసిప్రో2 అంటూ మాక్రోల వరస ఉండేది. మేం దాన్నే తెచ్చుకున్నాం. ఫంక్షన్ మొదట్లో, ఇదిగో ఈ మూడు వస్తువులు నావి, ముట్టుకోకు అని కట్టేయాలి. బయటికి పోయేముందు అన్‌జిసిప్రో అని ముడి విప్పాలి. మధ్యలో ఎక్కడో తొందరపడి రిటర్న్ రాశారా, ముడి అలాగే ఉండిపోయి, ఖాళీ అయిన స్టాక్ మీద చెత్తవాడు రాత్రిపూట దయ్యం తిరిగినట్టు తిరుగుతాడు. అసలు కట్టడమే మరిచారా, చేతిలో పట్టుకున్న వస్తువు చేతిలోనే మాయం. పోనీ అప్పటికప్పుడు కూలుతుందా అంటే కూలదు. మరో గంటకి, మరో రిపోర్టులో, మరో మనిషి టెర్మినల్ మీద కూలుతుంది. ఏ పిలుపు లోపల చెత్త ఏరడం జరగొచ్చు, ఏ పిలుపులో జరగదు అనేది కంఠతా ఉండేది నాకు. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడంటే చెప్పలేను గానీ.

2001లో వచ్చిన ఈమాక్స్ 21 నుంచి చెత్తవాడికి తెలివొచ్చింది. స్టాక్ మీద కనిపించే ప్రతి మాటనీ చూసి, చిరునామాలా ఉంటే వస్తువే అయి ఉంటుందని వదిలేస్తాడు. ఇది కుదిరిన యంత్రాల మీద ఎవరూ ముడులు కట్టక్కర్లేదు. మిగతా యంత్రాల కోసం ఇంకో పధ్నాలుగేళ్లు ఆ మాక్రోలు సోర్సులో ఉన్నాయి. 2015లో మొత్తం పీకేశారు, 25వ వెర్షన్‌లో ఇక లేవు. మావాడికి ఆ పేరు కూడా తెలియదు. "జీసీ ప్రో అంటే ఐఫోనా?" అన్నాడు.

ఇక వాడు నిజంగా చేసిన పని చూద్దాం. మేం 32 బిట్ల మాటలో పై 8 బిట్లు వస్తువు జాతి చెప్పడానికీ, చెత్తవాడి గుర్తుకీ అట్టేపెట్టి, కింది 24 బిట్లలో చిరునామా పెట్టాం. 24 బిట్లంటే 16 మెగాబైట్లు. మా యంత్రంలో ఉన్నది 4. ఎనిమిది మెగాబైట్లు తిని కూడా మెమరీకీ డిస్కుకీ మధ్య ఊగిసలాడుతూనే ఉంటుందని ఈమాక్స్ పేరుకి అప్పట్లో వెక్కిరింపు విస్తరణ ఒకటి చెప్పుకునేవాళ్లు. ఆ ఎనిమిది ఎవడి దగ్గరుందని మేం నవ్వుకునేవాళ్లం. 16కి మించిన మెమరీ భూమ్మీద ఎవడికి కావాలి? ఇప్పటి ఈమాక్స్‌లో జాతి గుర్తు అడుగున మూడు బిట్లలో ఉంటుంది. వస్తువులన్నీ 8 బైట్ల హద్దుల మీదే ఉంటాయి కాబట్టి చిరునామాలో ఆ మూడూ ఎలాగూ సున్నాలే. జంటకి గుర్తు 3. కార్ కావాలంటే ఆ మాటలోంచి 3 తీసేసి అక్కడ చూడటమే. ఆ తీసివేత కూడా యంత్రం చదివే ఆదేశంలోనే కలిసిపోతుంది, విడిగా ఖర్చు లేదు. ఏమీ లేదని చెప్పే నిల్‌కి విలువ నికరంగా సున్నా. ఇది బాగుంది, ఒప్పుకుంటాను. వాడు నా లిస్ప్‌కి కూడా ఇదే చేశాడు, పైగా వస్తువుని వట్టి అంకెగా కాకుండా సి లో స్ట్రక్ట్ అనే పెట్టెలో పెట్టాడు.

ఆ స్ట్రక్ట్ దగ్గర నా పరువు పోయింది. మాక్రోలకి జాతి పట్టింపు లేదు కదా. జంట ఇచ్చినా, అంకె ఇచ్చినా, కొబ్బరికాయ ఇచ్చినా పగలగొట్టి కార్ తీసి చేతిలో పెట్టేవి. ఫంక్షన్ అలా కాదు, వస్తువు ఇవ్వాల్సినచోట అంకె ఇస్తే కంపైలర్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. అలా మూడుచోట్ల ఆపింది. మూడూ నేను రాసినవే. అందులో ఒకటి 1993లో ఏడాది చివరి లెక్కల కోసం కలిపినది. ఏటా మార్చి ఆఖరి వారంలో మా ప్రోగ్రాం ఒకసారి కూలేది. ఎంత వెతికినా దొరక్క, కరెంటు హెచ్చుతగ్గుల మీద తోసేసి, ఆఫీసు చేత స్టెబిలైజరు కొనిపించాం. మంచి బరువైన స్టెబిలైజరు. పాపం దాని పని అది చేసింది.

అయితే వాడికి అంతా నల్లేరు మీద బండి నడక కాలేదు. మొదటిసారి కంపైల్ చేసినప్పుడు తెర నిండా ఎర్ర అక్షరాలు. ఎందుకంటే మాక్రో అంటే అక్షరాలే కాబట్టి, మేం దాన్ని సమాన గుర్తుకి ఎడమపక్క కూడా వాడేవాళ్లం. 'దీని కార్ = ఇది' అని హాయిగా రాసేవాళ్లం. ఫంక్షన్ ఇచ్చిన జవాబులోకి ఎవడూ ఏమీ రాయలేడు. కాబట్టి గదిలోకి చూడటానికి ఒక ఫంక్షన్, గదిలో పెట్టడానికి వేరే ఫంక్షన్ కావాలి. ఈమాక్స్ వాళ్లకీ ఇదే తద్దినం. ఎక్స్‌సెట్‌కార్, ఎక్స్‌సెట్‌కుడర్ అని పెట్టుకున్నారు, 2012లో బఫర్ల లోపలి ఒక్కొక్క గడికీ విడివిడిగా పెట్టే ఫంక్షన్లు రాసుకున్నారు. "చూశావా, నా మాక్రో ఒక్కటే రెండు పనులూ చేసేది" అన్నాను. వాడు తల ఊపాడు. ఊపి, "కానీ పెదనాన్నా, మీ లిస్ప్‌లో చెత్త ఏరేటప్పుడు వస్తువులు చోటు మారతాయి కదా. ఎడమపక్క చిరునామా ముందే లెక్కగట్టేసుకుని, కుడిపక్క పిలిచిన ఫంక్షన్‌లో చెత్త ఏరితే?" అన్నాడు. అప్పుడు రాసేది ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి గోడ మీద. ఏ పక్క ముందు లెక్కగట్టాలో సి చెప్పదు, కంపైలర్ ఇష్టం. ఇది నాకు తెలుసు. తెలిసీ కొన్నిచోట్ల వదిలేశాను. ఇప్పుడు వాడు కుడిపక్కది ముందే వేరే వాక్యంలో కట్టేసి, అప్పుడు ఫంక్షన్‌ని పిలిచి గది తెరుస్తున్నాడు. నేను మజ్జిగ తాగడానికి లేచాను.

డీబగ్గర్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. జీడీబీలో, కార్ తీసే మాక్రో అయిన ఎక్స్‌కార్ అని అడిగితే, అలాంటి పేరే ఎరగనంటుంది. ప్రీప్రాసెసర్ తినేసి పోయాడు కదా మరి. అందుకని మేం బిట్లని కాగితం మీద పదహారు అంకెల లెక్కలో విప్పుకునేవాళ్లం. ఫంక్షన్ అయితే పేరుంటుంది, పిలవొచ్చు. బాగుంది.

ఇక నాకు దొరికిన సందు చెబుతాను. ఇన్‌లైన్ అన్నది వట్టి విన్నపం. కంపైలర్‌కి నచ్చితే సర్దుతుంది, లేకపోతే మామూలు ఫంక్షన్‌లాగే పిలుస్తుంది. ఆప్టిమైజేషన్ తీసేసి కంపైల్ చేస్తే అస్సలు సర్దదు. బగ్గులు వెతికేటప్పుడు అందరూ తీసేసే చేస్తారు. అప్పుడు ఎక్స్‌కార్‌ని పిలిస్తే అది ఎక్స్‌కాన్స్‌ని, అది ఇంకొకదాన్ని, ఒక్క గదిలోకి తొంగిచూడటానికి వీధి వీధంతా లేచి నిలబడుతుంది. నా పాతదీ వాడి కొత్తదీ పక్కపక్కన ఆప్టిమైజేషన్ లేకుండా నడిపించాను. వాడిది ఎడ్లబండి. "ఓ2 పెట్టు పెదనాన్నా" అన్నాడు. పెట్టాను. ఇద్దరివీ ఒకటే అయ్యాయి. వాడు డిస్‌అసెంబ్లీ తెరిచి కార్ దగ్గర రెండింటిలోనూ ఒక్క ఆదేశమే ఉందని చూపించాడు. నేను అడగలేదు, అయినా చూపించాడు.

ఈ సందుని ఈమాక్స్ వాళ్లు నాకంటే ముందే చూశారు. 2013లో పాల్ ఎగ్గర్ట్, మన కంప్యూటర్లూ ఫోన్లూ వాడే టైమ్‌జోన్ల పట్టికని కూడా చూసుకునే ఆయన, ఈమాక్స్ ప్రధాన హెడర్లో మాక్రోలని కుప్పలుగా ఇన్‌లైన్ ఫంక్షన్లు చేశాడు. మరుసటేడు 24.4 వెర్షన్‌లో అవి జనంలోకొచ్చాయి. కానీ మరీ ఎక్కువ వాడే కొన్నిటిని, అంటే కార్, కుడర్, ఇది జంటేనా, ఇది నిల్లేనా లాంటివాటిని మాక్రోలుగా కూడా అట్టేపెట్టాడు. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసేవాళ్లు తట్టుకోలేరని. అసలు సరుకు ఒక రహస్య మాక్రోలో ఉంటుంది, ఫంక్షన్ దాన్నే పిలుస్తుంది, పైకి కనిపించే మాక్రో కూడా దాన్నే పిలుస్తుంది. అంటే ఒకే వంట, రెండు గుమ్మాలు. పక్కనే ఒక గమనిక: జీసీసీ 4.8లో కొత్తగా వచ్చిన, డీబగ్గింగ్‌కి అనువైన ఆప్టిమైజేషన్ బాగా కుదురుకున్నాక ఈ మాక్రోలు తీసేయాలి, బహుశా 2020లో అని. పని పూర్తయ్యే తేదీ దిద్ది దిద్ది రాసే మా వీధి డ్రైనేజీ బోర్డు గుర్తొచ్చింది నాకు. అనుకున్నట్టే ఆ గమనికలో సంవత్సరాన్ని తరవాత 2025 అని దిద్దారు. మావాడికి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

ఇన్‌లైన్ అన్న మాటకి కూడా పెద్దమనుషులు ఒక అర్థం మీద నిలబడలేదు. జీసీసీ వాళ్ల పాత పద్ధతిలో ఎక్స్‌టర్న్ ఇన్‌లైన్ అంటే, ఇది సర్దుకోవడానికి మాత్రమే, విడిగా ఫంక్షన్‌ని పుట్టించకు అని. సి99 ప్రమాణంలో అవే మాటలకి, ఫంక్షన్‌ని తప్పకుండా పుట్టించు అని. పూర్తిగా తిరగేశారు. జీసీసీ 2015లో 5వ వెర్షన్ నుంచి కొత్త అర్థానికి మారింది. ఈ గొడవ పడలేక ఈమాక్స్ వాళ్లు ఇన్‌లైన్ అనే మాట మీదే ఒక మాక్రో వేసుకున్నారు. మాక్రోలని తీసేయడానికి మాక్రో! ముళ్లని ముల్లుతోనే తీయాలి మరి.

లిస్ప్‌లో మాక్రోలని మాత్రం ఎవరూ ఏమీ అనరు. పైగా అది లిస్ప్ గొప్పతనమంటారు. అక్కడ మాక్రో చేతికి అక్షరాలు కాదు, వాక్యం ఆకారం మొత్తం అందుతుంది, నిజమే. కానీ ఫలానాని రెండుచోట్ల వాడితే అక్కడా రెండుసార్లు జరుగుతుంది, పైసలున్న బిల్లు అక్కడా రెండు నంబర్లు మింగుతుంది. ఈమాక్స్ లిస్ప్‌లో ఆ జబ్బుకి మందుగా డెఫ్‌సబ్స్ట్ అని ఇన్‌లైన్ ఫంక్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇంకో సంగతి. ఇన్‌లైన్ ఫంక్షన్లు కూడా హెడర్లోనే ఉండాలి. అందులో ఒక అక్షరం మారిస్తే దాన్ని చేర్చుకున్న ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ కావాల్సిందే, మాక్రోల రోజుల్లో లాగానే. తేడా ఏమిటంటే అప్పుడు క్యాంటీన్‌కి పోయేవాళ్లం, నలుగురం కలిసి టీ తాగేవాళ్లం. ఇప్పుడు వీడు ఎంటర్ నొక్కి తల తిప్పేలోపు అయిపోతోంది. మాట్లాడుకోవడానికి టైమెక్కడిది.

సాయంత్రం అయిదింటికి వాడికో ఆలోచన వచ్చింది. 'ఇది జంటేనా, ఇది సంఖ్యేనా, ఇది స్ట్రింగేనా' అంటూ ఒకే పోకడవి పన్నెండు ఇన్‌లైన్ ఫంక్షన్లున్నాయి, వాటితోపాటే ప్రతి జాతికీ ఒక ఖాళీ వస్తువు, దానికి తొలి విలువ. చేత్తో పన్నెండుసార్లు రాయడం దేనికని, పేరూ తొలి విలువా ఇస్తే అన్నిటినీ పుట్టించేది ఒకటి రాస్తున్నాడు. వెనకనుంచి చూశాను. వరస చివర బ్యాక్‌స్లాష్ కనిపించింది. ఏమీ అనలేదు. వెళ్లి పేపరు పట్టుకుని కూర్చున్నాను.

అయిదు నిమిషాలయింది. ఎర్ర అక్షరాల వెలుగు వాడి కళ్లద్దాల్లో కనపడుతోంది.

"పెదనాన్నా, ఒకసారి ఇటు రావా? రెండు ఇవ్వమంది, రెండే ఇచ్చాను. మూడు ఇచ్చావంటోంది."

తొలి విలువ దగ్గర గుండ్రటి బ్రాకెట్లలో స్ట్రక్ట్ పేరు రాశాడు, ఆ వెనకే మీసాల బ్రాకెట్లలో రెండు అంకెలు, మధ్యలో కామా. ప్రీప్రాసెసర్ గుండ్రటి బ్రాకెట్లకి తప్ప దేనికీ గౌరవం ఇవ్వడు. ఆ కామా దగ్గర ముక్క చేసి ఇంకోటి లెక్కపెట్టుకున్నాడు.

"మొత్తానికి ఇంకో జత చుట్టు," అన్నాను, పేపర్లోంచి తల ఎత్తకుండా. "గుండ్రటివి."